ఆది చూసి కుట్టిన టైపులు

విజువల్ స్టూడియో 2012తో పాటు వచ్చిన ఎఫ్‌షార్ప్ 3.0 ప్రోగ్రామర్ల నెత్తి మీంచి ఒక పాత చాకిరీని దించింది. అంతకుముందు బయటి డేటాతో పని పడితే దాని ఆకారాన్ని మనిషే కూర్చుని రాయాలి: ఇది పేరు, అది తేదీ, ఇది పూర్ణాంకం, అది దశాంశం. రాసినదానికీ వచ్చినదానికీ ఎక్కడ తేడా ఉన్నా ప్రోగ్రామ్ నడిచేటప్పుడు గానీ బయటపడదు. ఎఫ్‌షార్ప్ 3.0లో ఈ పనికోసం టైప్ ప్రొవైడర్ అనే ఏర్పాటు వచ్చింది. ఫైలు ఎక్కడుందో, సర్వర్ చిరునామా ఏమిటో చెబితే చాలు. కంపైలర్ తన పని మధ్యలో ప్రొవైడర్‌ను పిలుస్తుంది. అది వెళ్లి డేటాను చూసొచ్చి, అందుకు తగ్గ టైపులను తయారుచేసి కంపైలర్ చేతిలో పెడుతుంది. ఎడిటర్ కూడా అదే ప్రొవైడర్‌ను అడుగుతుంది కాబట్టి చుక్క పెట్టగానే ఫీల్డ్‌ల పేర్లు జాబితాగా వచ్చేస్తాయి.

కేంబ్రిడ్జ్‌లోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో ఎఫ్‌షార్ప్‌ను రూపొందించిన డాన్ సైమ్, ఆయన సహచరులు 2012లోనే దీని మీద ఒక సాంకేతిక నివేదిక వెలువరించారు. ఇంటర్నెట్ అంత విస్తారమైన సమాచార వనరులను కూడా టైపుల రక్షణతో వాడుకోవచ్చన్నది వాళ్ల వాదం. అది వరమా, కొరివితో తల గోక్కోవడమా అన్న తగువు అప్పటినుంచీ ఉంది.

ఆ తగువును ఇక్కడ ఇద్దరి నోట వింటే సులువుగా తెలుస్తుంది. ఇద్దరూ హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్లే, వరసకు బాబాయీ కూతురూ. బాబాయిది డేటా విశ్లేషణ. ఎవరెవరో పంపే సీఎస్‌వీ ఫైళ్లు, నాలుగు చోట్ల నుంచి వచ్చే జేసన్, సాయంత్రానికల్లా ఒక నివేదిక. అమ్మాయి రాసేది చెల్లింపుల సర్వీసు. ఆ కోడ్ ఏళ్ల తరబడి రాత్రీ పగలూ నడవాలి. ఇలాంటి వాదాల్లో మామూలుగా పెద్దవాళ్లు పాత పద్ధతిని, పిల్లలు కొత్తదాన్ని వెనకేసుకొస్తారు. ఇక్కడ మాత్రం తిరగబడింది.

ముందు అందుకున్నది బాబాయే. ల్యాప్‌టాప్ తిప్పి ప్రపంచ బ్యాంక్ డేటా ప్రొవైడర్‌ను చూపించాడు. ఎఫ్‌షార్ప్ డేటా అనే లైబ్రరీలో ఉంటుందది. ‘కంట్రీస్’ అని రాసి చుక్క పెట్టగానే దేశాల పేర్లన్నీ వరసగా దిగాయి. ఇండియాను ఎంచుకుని, ‘ఇండికేటర్స్’ అని మళ్లీ చుక్క పెట్టాడు. ఉన్నత విద్యలో చేరికల శాతం దగ్గర్నుంచి వేలకొద్దీ సూచికలు వచ్చాయి.

“చూశావా అమ్మడూ. ఇందులో ఒక్క టైపు కూడా నేను రాసింది కాదు. దేశం పేరులో ఒక్క అక్షరం తప్పుపడితే ఇక్కడే ఎర్ర గీత పడుతుంది. ఇదే పని మామూలు పద్ధతిలో చేస్తే ఏపీఐ డాక్యుమెంటేషన్ చదవాలి, సూచికల కోడ్‌లు వెతకాలి, క్లాసులు రాయాలి. అన్నీ చేశాక కూడా పేరు తప్పు కొట్టానని ప్రోగ్రామ్ నడిచాకే తెలుస్తుంది.”

“వేలకొద్దీ సూచికలకు వేలకొద్దీ ప్రాపర్టీలు తయారైతే నీ ప్రోగ్రామ్ ఎంత లావెక్కుతుంది బాబాయ్?”

“ఎక్కదు. ఈ టైపులు కంపైలర్ కంటికే కనిపిస్తాయి. కంపైల్ అయిపోయాక చెరిగిపోతాయి. అందుకే వీటిని ఎరేజ్డ్ టైపులు అంటారు. నేను ఏ సూచికను తాకితే దానికి మాత్రమే, దాని కోడ్‌తో డేటా తెచ్చే ఒక ఫంక్షన్ కాల్ మిగులుతుంది. పైగా అడిగినదాకా టైపును తయారే చెయ్యదు. స్కీమా ఎంత పెద్దదైనా నువ్వు నడిచిన దారి వరకే ఖర్చు.”

బాబాయి చెప్పినదాంట్లో తప్పులేదు. ప్రొవైడర్‌లలో రెండు రకాలున్నాయి. జనరేటివ్ రకం నిజమైన డాట్‌నెట్ టైపులను తయారుచేసి అసెంబ్లీలో పెడుతుంది. వాటిని సీషార్ప్ నుంచి కూడా వాడుకోవచ్చు, రిఫ్లెక్షన్‌కు కూడా దొరుకుతాయి. ఎరేజ్డ్ రకం అలా కాదు. జేసన్ ప్రొవైడర్ ఇచ్చిన వస్తువులో ‘టెంపరేచర్’ అని చుక్క పెట్టి రాస్తే, కంపైల్ అయ్యాక మిగిలేది ‘టెంపరేచర్ అనే పేరున్న ఫీల్డును వెతికి దశాంశంగా మార్చు’ అనే పని మాత్రమే. ఆ పని ఎలా చెయ్యాలో ప్రొవైడరే కోడ్ కొటేషన్ల రూపంలో కంపైలర్‌కు రాసిస్తుంది.

అమ్మాయి మొదటి అభ్యంతరం సరిగ్గా ఇక్కడే. “ప్రపంచ బ్యాంక్ దగ్గర జాబితా సిద్ధంగా ఉంది. మరి ఉత్త సీఎస్‌వీ ఫైలుకో? దానికి స్కీమా లేదు. నువ్వు చూపించిన నమూనాను బట్టి ప్రొవైడర్ ఊహిస్తుంది. ఊహను టైపు అనడమే నాకు మింగుడుపడదు.”

“ఊహే, కానీ తెలివైన ఊహ. టైటానిక్ ప్రయాణికుల పట్టిక తీసుకో, డేటా సైన్స్ నేర్చుకునేవాళ్లంతా వాడేది. బతికారా లేదా అనే గడిలో 0, 1 ఉంటాయి. సీఎస్‌వీ ప్రొవైడర్ దాన్ని బూలియన్‌గా ఇస్తుంది. ‘బతికినవాళ్లను ఏరు’ అని నేరుగా రాసుకోవచ్చు.”

“ఇంట్లో పిల్లలెంతమంది అనే గడి ఉండి, నమూనాలో అన్ని ఇళ్లలోనూ ఒకరో, అసలు లేకపోవడమో అయితే? పిల్లల సంఖ్య కూడా బూలియనే అవుతుంది.”

బాబాయి నవ్వేశాడు. “అవుతుంది. అందుకే స్కీమా అనే పరామితి ఉంది. ఆ గడి పేరు పక్కన పూర్ణాంకం అని రాస్తే నీ మాటే చెల్లుతుంది.”

“సరే, ఇంకోటి చెప్తాను. సీఎస్‌వీ ప్రొవైడర్ మామూలుగా మొదటి 1,000 వరసలు చూసి టైపు తేలుస్తుంది. పరీక్ష మార్కుల ఫైలు ఇచ్చావనుకో. ఆ వెయ్యి వరసల్లోనూ అంకెలే ఉన్నాయి, కాబట్టి పూర్ణాంకం అంది. ఆ తర్వాతెక్కడో ఒక పిల్లాడు పరీక్షకు రాలేదు, మార్కుల గడిలో ‘ఏబీ’ అని ఉంది. ఎన్ఏ అని ఉన్నా, ఉత్త గీత ఉన్నా విలువ లేదని అర్థం చేసుకుంటుంది, అవి దాని జాబితాలో ఉన్నాయి. ఏబీ లేదు. కంపైల్ అయింది, సంతకం పెట్టారు, రాత్రి పన్నెండింటికి కూలబడింది.”

“కూలబడుతూ ఏ వరసలో, ఏ గడిలో, పూర్ణాంకం ఉండాల్సిన చోట ఏముందో కూడా చెప్పి పడుతుంది. ఏబీని ఆ లేనివాటి జాబితాలో నేను చేర్చుకోవచ్చు. వరసలన్నీ చూసి తేల్చమని ముందే చెప్పొచ్చు. చేతితో రాసిన పార్సర్ మాత్రం ఆ ఏబీకి ఏం చేసుండేది?”

“అదే చేసేది. కాకపోతే ఆ పార్సర్ రాసినవాడు మార్కుల గడి గురించి ఒక్క క్షణమైనా ఆలోచించి ఉండేవాడు.”

ఊహ ఎంతవరకు నమ్మదగ్గది అనే ప్రశ్నకు 2016లో పీఎల్‌డీఐ సదస్సులో తోమాస్ పెట్రిచెక్, గుస్తావో గెర్రా, డాన్ సైమ్ ఒక పరిశోధన పత్రంలో గణితపరంగా జవాబు చెప్పారు. ఆ సదస్సు విశిష్ట పత్రాల్లో అదొకటిగా ఎంపికైంది. వాళ్లు ఇచ్చిన హామీ పూర్తి భద్రత కాదు, సాపేక్ష భద్రత. నడిచేటప్పుడు వచ్చే డేటా, ముందు చూపించిన నమూనాల ఆకారంలో ఇమిడేదైతే, దాన్ని చదివేటప్పుడు ప్రోగ్రామ్ కూలబడదు. ఇమడకపోతే హామీ లేదు. నమూనాలు ఎన్ని చూపిస్తే ఆకారం అంత విశాలమవుతుంది. ఒక మనిషికి వయసు 25, ఇంకొకరికి మూడున్నర, మూడో మనిషికి వయసే లేదనుకుంటే, వయసు ‘ఉంటే దశాంశం, లేకపోతే లేదు’ అనే ఆప్షన్ టైపుగా మారుతుంది.

“ఆది జాకెట్టు ఇస్తే దర్జీ దాని కొలతకే కుడతాడు,” అన్నాడు బాబాయి. “మనిషి లావైతే తప్పు దర్జీదా? కొత్త ఆది ఇవ్వాలి.”

“కుట్టినది పట్టకపోతే తొడుక్కునేటప్పుడే తెలుస్తుంది బాబాయ్. నా డేటా పట్టనప్పుడు కూడా పట్టినట్టే ఉంటుంది.”

ఆమె చెప్పిన ఉదాహరణ ఆమె పనిలోదే. యూపీఐ లావాదేవీకి బ్యాంకు స్టేట్‌మెంటులో 12 అంకెల రిఫరెన్స్ నంబరు కనిపిస్తుంది. దాని మొదటి అంకె ఆ ఏడాది చివరి అంకె. తర్వాతి మూడూ అది ఏడాదిలో ఎన్నో రోజో చెబుతాయి. 2019 నాటి జేసన్‌ను నమూనాగా ఇస్తే ఆ నంబరు 9తో మొదలవుతుంది. కోట్స్ మధ్య ఉన్నా సరే, లోపలున్నవన్నీ అంకెలే కాబట్టి జేసన్ ప్రొవైడర్ దాన్ని 64 బిట్ల పూర్ణాంకంగా తేలుస్తుంది. 2020 జనవరి 1 నాటి నంబరు 0001తో మొదలవుతుంది. పూర్ణాంకంగా చదవగానే ముందున్న మూడు సున్నాలూ పోతాయి. ఎర్ర గీత లేదు, లోపం లేదు, ప్రోగ్రామ్ ఆగలేదు. 12 అంకెల నంబరు 9 అంకెలదై డేటాబేస్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. ఆ తర్వాత బ్యాంకు పంపిన నంబరుతో పోల్చి చూస్తే ఏదీ కలవదు. 2030లో మళ్లీ అదే కథ.

ఈసారి బాబాయి వెంటనే బదులివ్వలేదు. కాసేపాగి, “విలువ చూసి టైపు ఊహించొద్దని చెప్పే స్విచ్ ఒకటుంది. అది ఆపేస్తే కోట్స్‌లో ఉన్నది స్ట్రింగ్‌గానే ఉంటుంది,” అన్నాడు.

“ఆపాలని ఎవరికి తెలుస్తుంది? రిఫరెన్స్ నంబరు అంకెల్లో ఉన్నా సంఖ్య కాదని తెలిసినవాళ్లకు. ఆ తెలివి నమూనాలో లేదు, మనిషిలో ఉంది. ఆ మనిషి టైపు కూడా రాసేస్తే సరిపోతుందిగా.”

అక్కడి నుంచి వాదం అసలు విషయానికి వచ్చింది. ఎఫ్‌షార్ప్ లాంటి ఫంక్షనల్ భాషల బలమంతా రికార్డులు, యూనియన్లు అనే రెండు రకాల టైపుల్లో ఉంది. రికార్డు అంటే ‘ఇదీ, ఇదీ, ఇదీ కలిసి’. యూనియన్ అంటే ‘ఇదైనా, అదైనా, మరొకటైనా, వీటిలో ఏదో ఒక్కటే’. యూనియన్ మీద ప్యాటర్న్ మ్యాచింగ్ రాస్తూ ఒక కేసు మరిచిపోతే కంపైలర్ హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికలను లోపాలుగా పరిగణించమని చాలా జట్లు సెట్టింగ్ పెట్టుకుంటాయి. మరి టైప్ ప్రొవైడర్ వీటిని తయారుచేయగలదా? చేయలేదు. అది ఇచ్చేవన్నీ క్లాసులు, వాటి మీద ప్రాపర్టీలు, మెథడ్‌లు.

“చెల్లింపు ఫలితం చూడు,” అంది అమ్మాయి. “విజయవంతమైతే రిఫరెన్స్ నంబరు వస్తుంది. విఫలమైతే కారణం వస్తుంది. పెండింగ్ అయితే రెండూ రావు. నా యూనియన్‌లో సరిగ్గా మూడు కేసులుంటాయి, నాలుగో స్థితిని రాద్దామన్నా వీలుపడదు. నీ జేసన్ ప్రొవైడర్‌కు ఈ మూడు నమూనాలూ ఇస్తే ఏం వస్తుంది? ఒకే ఒక టైపు. స్థితి అనే స్ట్రింగ్, ఉంటే ఉండే రిఫరెన్స్, ఉంటే ఉండే కారణం. రిఫరెన్సూ కారణమూ రెండూ ఉన్న చెల్లింపు నా లోకంలో లేదు. నీ టైపులో దానికి చోటుంది. స్థితి గడిలో ‘అరటిపండు’ అని ఉన్నా నీ కంపైలర్‌కు అభ్యంతరం లేదు.”

“అది చేతకాక చేసింది కాదు తల్లీ, కావాలని చేసింది,” అన్నాడు బాబాయి. “పెట్రిచెక్ వాళ్ల పత్రంలోనే దీని గురించి ఉంది. శీర్షికలు, పేరాలు, బొమ్మలు కలగలిసిన ఎక్స్‌ఎంఎల్ డాక్యుమెంటు తీసుకుంటారు. ఒక్కో అంశం ఆ మూడింటిలో ఏదో ఒకటి. యూనియన్ ఇవ్వొచ్చుగా అనిపిస్తుంది. ఇవ్వలేదు, మూడు ఆప్షన్ ప్రాపర్టీలు ఇచ్చారు. ఎందుకంటే నమూనాలో మూడు రకాలు కనిపించాయంటే లోకంలో మూడే ఉన్నాయని కాదు. రేపు పట్టిక అనే నాలుగో రకం వస్తుంది. ప్రాపర్టీలైతే పాత కోడ్ చెక్కుచెదరకుండా కంపైల్ అవుతుంది, కొత్తది ఇంకో ప్రాపర్టీగా చేరుతుంది. పైగా చుక్క పెడితే ఏమేం ఉన్నాయో కనిపిస్తుంది.”

ఆ వాదన బలమైనదే. జరిగినవాటి నుంచి జరగబోయేవాటన్నిటి జాబితా తీయలేం. యూనియన్ రాసేవాడు ‘ఇంతే, ఇక లేదు’ అని మాట ఇస్తున్నాడు. నమూనా ఆ మాట ఇవ్వలేదు.

కానీ అమ్మాయి దగ్గర దానికీ జవాబు ఉంది. “నమూనాకు సరే. అదే ఎక్స్‌ఎంఎల్ ప్రొవైడర్‌కు నమూనాకు బదులు ఎక్స్‌ఎస్‌డీ స్కీమా ఇవ్వొచ్చు. స్కీమాలో ‘ఈ రెండింటిలో ఏదో ఒకటే’ అని చెప్పే ఛాయిస్ ఉంటుంది. అక్కడ ఊహ లేదు. డేటా యజమానే సంతకం పెట్టి ఇచ్చాడు. అప్పుడైనా యూనియన్ వస్తుందా? రాదు. అప్పుడూ రెండు ఆప్షన్ ప్రాపర్టీలే. ఏదో ఒకటే ఉండాలన్న నియమం స్కీమాలో ఉంది, టైపులోకి వచ్చేసరికి జారిపోయింది. దీన్ని కూడా కావాలని చేశారంటావా?”

అనలేడు. ఇది ఆలోచన వల్ల వచ్చిన పరిమితి కాదు, యంత్రాంగం వల్ల వచ్చినది. ప్రొవైడర్‌కూ కంపైలర్‌కూ మధ్య సంభాషణ డాట్‌నెట్ రిఫ్లెక్షన్ భాషలో జరుగుతుంది: ఇది టైపు, ఇది మెథడ్, ఇది ప్రాపర్టీ. యూనియన్‌కు ఇన్ని కేసులున్నాయి, ఇవి తప్ప వేరే లేవు అని చెప్పే మాట ఆ భాషలో లేదు. మామూలు ఎఫ్‌షార్ప్ లైబ్రరీలోని రికార్డులను, యూనియన్లను కంపైలర్ గుర్తుపట్టగలిగేది, ఆ లైబ్రరీలో ప్రత్యేకంగా పొదిగి ఉంచిన సిగ్నేచర్ డేటా వల్ల. ప్రొవైడర్ నుంచి వచ్చే టైపులు ఆ దారిన రావు, పరాయి డాట్‌నెట్ టైపులు వచ్చే దారిన వస్తాయి.

రెండో గోడ ఇంకా ఇబ్బందికరమైనది. ప్రొవైడర్‌కు స్ట్రింగ్, పూర్ణాంకం, బూలియన్ లాంటి స్థిర విలువలనే పరామితులుగా ఇవ్వగలం. టైపును ఇవ్వలేం. ‘ఇదిగో నా రికార్డు, దీనికి తగ్గ డేటాబేస్ కోడ్ తయారుచెయ్యి’ అని అడగడానికి లేదు. ఆ అవసరం ఉన్నవాళ్లు మిరియడ్ లాంటి కోడ్ జనరేటర్‌ల వైపు వెళ్లారు. అది బిల్డ్ సమయంలో ఎఫ్‌షార్ప్ సోర్స్ ఫైలును చదివి, దానికి జతగా మరో ఎఫ్‌షార్ప్ ఫైలు రాసిపెడుతుంది. వచ్చేది మామూలు కోడే కాబట్టి అందులో రికార్డులుండొచ్చు, యూనియన్లుండొచ్చు, తెరిచి చదవొచ్చు, గిట్‌లో పెట్టి తేడాలు చూడొచ్చు.

“అదే నేను కోరేది,” అంది అమ్మాయి. “హాస్కెల్ వాళ్లకు 2002 నుంచీ ఉంది కదా. టిమ్ షియర్డ్, సైమన్ పేటన్ జోన్స్ చేసిన టెంప్లేట్ హాస్కెల్ కంపైల్ మధ్యలో అచ్చమైన డేటా డిక్లరేషన్లనే పుట్టిస్తుంది. పర్సిస్టెంట్ లైబ్రరీలో పట్టికల వివరణ రాస్తే రికార్డులు తయారవుతాయి. వాటి మీద ప్యాటర్న్ మ్యాచింగ్ మామూలుగా పనిచేస్తుంది.”

“పనిచేస్తుంది, కానీ అన్నిటినీ ఒకేసారి పుట్టిస్తుంది. ప్రపంచ బ్యాంక్ సూచికలన్నిటికీ డేటా డిక్లరేషన్లు పుట్టించి చూడు, కంపైల్ అయ్యేలోపు భోజనం చేసి రావచ్చు. నా ఎరేజ్డ్ టైపులు అడిగినప్పుడే వస్తాయి. నీకు యూనియన్ కావాలంటే అన్ని కేసులూ ముందే తెలియాలి, నాకు ఆ బాధ లేదు. ఇడ్రిస్ భాష చూడు. అక్కడ టైపు కూడా ఒక విలువే. 2013లో డేవిడ్ క్రిస్టియాన్సెన్ చూపించినట్టు, కంపైల్ సమయంలో ఒక ఫంక్షన్ నడిచి టైపును తెచ్చిస్తే సరిపోతుంది, కోడ్ పుట్టించే పనే లేదు. ఒక్కో భాష ఒక్కోటి వదులుకుంది.”

తర్వాతి తగువు బిల్డ్ గురించి. అమ్మాయి జట్టులో ప్రతి మార్పుకూ బిల్డ్ సర్వర్ కోడ్‌ను మొదటి నుంచీ కంపైల్ చేస్తుంది. ఆ సర్వర్‌కు బయటి ఇంటర్నెట్ ఉండదు. డేటాబేస్ పాస్‌వర్డ్ ఉండదు, ఉండకూడదు కూడా. ఎఫ్‌షార్ప్‌లోని ఎస్‌క్యూఎల్ క్లయింట్ ప్రొవైడర్ మనం రాసిన క్వెరీని కంపైల్ సమయంలోనే నిజమైన ఎస్‌క్యూఎల్ సర్వర్ చేత తనిఖీ చేయిస్తుంది. కాలమ్ పేరు తప్పైతే కంపైలే కాదు. అది గొప్ప సదుపాయమే. కానీ సర్వర్ అందకపోయినా కంపైల్ కాదు.

“నిన్న కంపైల్ అయిన కోడ్, ఒక్క అక్షరం మార్చకుండా ఇవాళ కంపైల్ కాకపోవచ్చు. అలాంటి కోడ్‌ను నేను ఎలా నమ్మను? ఫ్రీబేస్ సంగతి నీకు తెలిసిందేగా.”

తెలియకేం. టైప్ ప్రొవైడర్‌లు వచ్చిన కొత్తలో అందరూ చూపించిన ప్రదర్శన ఫ్రీబేస్‌దే. మెటావెబ్ సంస్థ కట్టిన ఆ విజ్ఞాన భాండారాన్ని గూగుల్ 2010లో కొన్నది. రసాయన మూలకాల నుంచి పుస్తకాల దాకా దేన్నైనా చుక్కలు పెట్టుకుంటూ వెతకడం చూసి జనం ముక్కున వేలేసుకున్నారు. 2015 మార్చిలో గూగుల్ దాన్ని చదవడానికి మాత్రమే పరిమితం చేసింది. మరుసటి ఏడాది ఏపీఐ మూసేసింది. ఎఫ్‌షార్ప్ డేటా లైబ్రరీ నుంచి ఫ్రీబేస్ ప్రొవైడర్‌ను తొలగించారు.

“సర్వీసు పోతే చేతితో రాసిన క్లయింట్ మాత్రం ఏం చేస్తుంది?” అని బాబాయి ఎదురు ప్రశ్న వేశాడు.

“నడవదు, కానీ కంపైల్ అవుతుంది. దాచుకున్న డేటా ఉంటే దాని మీద పనిచేస్తుంది. నీ కోడ్ చదవడానికి కూడా పనికిరాదు, ఏ టైపులో ఏముండేదో చెప్పే కాగితమే లేదు.”

“అందుకే నేను నమూనా ఫైలును ప్రాజెక్టులోనే పెట్టుకుంటాను. వెబ్ చిరునామా ఇవ్వను. రస్ట్ వాళ్ల ఎస్‌క్యూఎల్‌ఎక్స్ లైబ్రరీ కూడా ముందు డేటాబేస్‌కే వెళ్లేది. తర్వాత క్వెరీల వివరాలను ఫైలుగా దాచుకుని, డేటాబేస్ లేకుండా కంపైల్ చేసే మార్గం పెట్టారు. ఈ జబ్బుకు మందుంది.”

“మందు వేసుకున్నాక అది బయటి డేటాను చూడటం మానేసింది కదా. ఇక నమూనా ఫైలుకూ నేను రాసిన టైపుకూ తేడా ఏమిటి? రెండూ రిపోలో ఉన్న కాగితాలే. నా కాగితం మీద యూనియన్ ఉంటుంది.”

ఇంకో విషయం ఇద్దరూ ఒప్పుకున్నారు. ప్రొవైడర్ అంటే కంపైలర్ లోపల, ఎడిటర్ లోపల నడిచే పరాయి కోడ్. ప్రాజెక్టు తెరిచినంత మాత్రాన అది నడుస్తుంది, ఫైళ్లు చదవగలదు, నెట్‌వర్క్‌కు వెళ్లగలదు. అందుకే విజువల్ స్టూడియో 2012లో మూడో పక్షం ప్రొవైడర్ కనిపిస్తే, దీన్ని నమ్ముతున్నావా అని అడిగే పెట్టె వచ్చేది. చాలామంది చదవకుండానే ఒప్పుకునేవాళ్లన్నది బాబాయి అనుమానం. తనూ వాళ్లలో ఒకడేనా అని అమ్మాయి అడిగితే మాట మార్చాడు.

పంపకం ఇలా కుదిరింది. బయటి డేటా లోపలికి వచ్చే గుమ్మం దగ్గర ప్రొవైడర్. అక్కడి నుంచి ఒక మార్పిడి ఫంక్షన్. ఆ ఫంక్షన్ దాటాక అంతా చేతితో రాసిన రికార్డులు, యూనియన్లు. ఎరేజ్డ్ టైపులు ఆ ఫంక్షన్ దాటి లోపలికి రాకూడదు. సీషార్ప్ రాసే పక్క జట్టుకు అవి ఎలాగూ కనిపించవు. బాబాయి స్క్రిప్టులకు ఈ మార్పిడి అక్కర్లేదు. అక్కడ నమూనా, అసలు డేటా దాదాపు ఒకే ఫైలు. రాసినవాడే నడిపిస్తాడు, పడిపోతే వాడే లేపుతాడు.

“రెండుసార్లు చాకిరీ,” అని బాబాయి గొణిగాడు. “గుమ్మం దగ్గర ఒక టైపు, లోపల ఇంకో టైపు. అవతలివాళ్లు ఫీల్డు పేరు మార్చితే?”

“అక్కడే నీ ప్రొవైడర్ నాకు నచ్చింది,” అంది అమ్మాయి. వాదం మొదలయ్యాక ఆమె నోట వచ్చిన మొదటి మెచ్చుకోలు అదే. “అసలు బిల్డ్‌లో దాచిన నమూనాతోనే కంపైల్ చేద్దాం. రోజూ రాత్రి వేరే బిల్డ్ ఒకటి నడుపుదాం. అది అవతలివాళ్ల టెస్ట్ సర్వర్ నుంచి తాజా నమూనా తెచ్చుకుని, దాని మీద మార్పిడి ఫంక్షన్‌ను కంపైల్ చేస్తుంది. ఫీల్డు పోయినా, పేరు మారినా, అంకె స్ట్రింగైనా, తప్పనిసరిది ఐచ్ఛికమైనా ఆ బిల్డ్ ఎర్రబడుతుంది. ప్రొడక్షన్ ఆగదు, మనకు తెల్లారేసరికి తెలుస్తుంది. బయటి మార్పును బట్టి కంపైల్ విఫలమవుతుందని ఇందాకటిదాకా నేను తిట్టిన గుణమే అక్కడ పనికొస్తుంది.”

“స్థితి గడిలో కొత్తగా ‘రిఫండ్’ అని వస్తే?” అని ఈసారి బాబాయే లోపం పట్టాడు. “అది పాత నమూనాలోనూ స్ట్రింగే, కొత్తదాంట్లోనూ స్ట్రింగే. బిల్డ్ పచ్చగానే ఉంటుంది.”

“అందుకని కంపైల్‌తో ఆపకుండా, ఆ తాజా నమూనాను మార్పిడి ఫంక్షన్ గుండా ఒకసారి నడిపిద్దాం. మూడు మాటలు తప్ప నాలుగోది వస్తే అది లోపం చూపిస్తుంది.”

“అది టెస్టు అమ్మడూ. టైపు కాదు.”

“టెస్టే. నీ ప్రొవైడర్ యూనియన్ ఇచ్చుంటే టెస్టు అక్కర్లేకపోయేది.”

మొదట దేంతో ప్రయోగం చెయ్యాలో మాట్లాడుకుంటూ రోజువారీ సెటిల్‌మెంట్ సీఎస్‌వీ దగ్గర ఆగారు. నమూనాగా నిన్నటి ఫైలును రిపోలో పెట్టేద్దామన్నాడు బాబాయి. అందులో ఖాతాదారుల పేర్లు, ఖాతా నంబర్లు, మొత్తాలు ఉంటాయి, అలా పెట్టడానికి వీల్లేదంది అమ్మాయి. అయితే ఎక్స్‌లతో కప్పేద్దామన్నాడాయన. ఎక్స్‌లు పెడితే ఖాతా నంబరు గడిని ప్రొవైడర్ స్ట్రింగ్ అంటుంది.

“మంచిదేగా, నీ సున్నాల గొడవ తీరింది,” అన్నాడు బాబాయి.

“‘మొత్తం’ అనే గడికి కూడా ఎక్స్‌లు పెడితే అదీ స్ట్రింగే. రోజు చివర కూడిక నువ్వొచ్చి చేస్తావా?”

నమూనా వరసలను ఎవరు కల్పించాలి, ఏ గడిలో ఏ తరహా విలువలుండాలి అన్నది తేలేదాకా ఆ ఫైలు రిపోలోకి వెళ్లలేదు. ఆ జాబితా మాత్రం అమ్మాయే రాయడం మొదలుపెట్టింది: రిఫరెన్స్ నంబరు సున్నాతో మొదలయ్యే వరస ఒకటి, మొత్తం దశాంశంలో ఉన్నది ఒకటి, కారణం గడి ఖాళీగా ఉన్నది ఒకటి.